గాయాలు మానుటలో కాంతి చికిత్స

చర్మంపై త్వరగా మానని గాయాల మీద తక్కువ శక్తి గల ఎరుపు లేదా పరారుణ కాంతిని ప్రసరింపజేసే పద్ధతి కాంతి చికిత్సలలో ఒకటి. దీని శాస్త్రీయ నామం ఫోటోబయోమాడ్యులేషన్. ఇందుకు సాధారణంగా 600 నుండి 1000 నానోమీటర్ల తరంగదైర్ఘ్యం గల కాంతిని లేజరు నుండి గాని, ఎల్.ఇ.డి. దీపాల నుండి గాని తీసుకుంటారు. ఈ కాంతి చర్మాన్ని కాల్చదు, కోయదు. జన్యువులను మార్చదు కూడా. వాటిలో కొన్ని ఎంత చురుకుగా పనిచేస్తాయన్న దానిని మాత్రమే ప్రభావితం చేస్తుంది.

చరిత్ర

1967లో హంగేరీ వైద్యుడు ఎండ్రె మెస్టర్ బుడాపెస్టులో ఎలుకల కణితులపై రూబీ లేజరును ప్రయోగించాడు. ఆయన లేజరు బలహీనమైనది కావడంతో కణితులు నయం కాలేదు గాని, గొరిగిన చోట వెంట్రుకలు త్వరగా మొలిచాయి. ఆ తరువాత ఆయన మానని పుండ్లపై ఈ కాంతిని పరీక్షించాడు.

జన్యువులపై ప్రభావం

శరీర కణాలన్నిటిలోను దాదాపు ఒకే జన్యువులు ఉంటాయి. వాటిలో ఏవి ఎప్పుడు ఆర్.ఎన్.ఎ.గా ప్రతిలేఖనమై మాంసకృత్తుల తయారీకి దారితీస్తాయనే దానిని జన్యు వ్యక్తీకరణ అంటారు. చర్మం తెగినప్పుడు మొదట వాపుకు సంబంధించిన జన్యువులు, తరువాత కణవిభజన, కొల్లాజెన్, కొత్త రక్తనాళాలకు సంబంధించినవి చురుకవుతాయి. మధుమేహ రోగుల కాలి పుండ్లలో వాపు దశ తీరక ఈ క్రమం మధ్యలోనే ఆగిపోతుంది. కాంతి చికిత్సపై ఆసక్తికి ముఖ్య కారణం ఇదే.

కాంతిని మొదట గ్రహించేది మైటోకాండ్రియాలోని సైటోక్రోమ్ సి ఆక్సిడేజ్ అనే ఎంజైమని రష్యా శాస్త్రవేత్త టీనా కారు ప్రతిపాదించింది. దాని వలన ఎ.టి.పి. ఉత్పత్తి, క్రియాశీల ఆక్సిజన్ మోతాదు మారి, ఆ సంకేతం కేంద్రకానికి చేరి జన్యువులను మేల్కొలుపుతుందని భావిస్తారు. ఈ వివరణకు ప్రాచుర్యం ఎక్కువే అయినా అందరూ అంగీకరించినది కాదు.

2003లో మానవ ఫైబ్రోబ్లాస్టు కణాలపై 628 నానోమీటర్ల ఎరుపు కాంతి ప్రసరింపజేసిన ఒక పరిశోధనలో 111 జన్యువుల వ్యక్తీకరణ మారింది. వాటిలో అధికభాగం కణవృద్ధికి తోడ్పడేవి, కణమరణాన్ని అణచేవి. అదే ఏడాది అమెరికాలో హ్యారీ వీలన్ బృందం మధుమేహం గల ఎలుకల గాయాలపై నాసా ఎల్.ఇ.డి. దీపాలను ప్రయోగించి, ఇంటెగ్రిన్, లామినిన్ వంటి కణాలను అతికించే మాంసకృత్తుల జన్యువులు పెరిగినట్లు ప్రకటించింది.

భారతదేశంలో మణిపాల్‌లోను, ఢిల్లీలోని డిపాస్ సంస్థలోను ఈ రంగంలో పరిశోధనలు జరిగాయి. చాంద్రాయణగుట్ట దాపున కంచన్‌బాగ్‌లోని క్షిపణి ప్రయోగశాలల ద్వారా హైదరాబాదు వారికి పరిచితమైన డి.ఆర్.డి.ఒ.కే డిపాస్ కూడా చెందుతుంది. అక్కడ ఎలుకల కాలిన గాయాలపై 904 నానోమీటర్ల లేజరును పరీక్షించగా, వాపును పెంచే టి.ఎన్.ఎఫ్. ఆల్ఫా తగ్గి, రక్తనాళాలను పెంచే వి.ఇ.జి.ఎఫ్. పెరిగినట్లు 2015లో ప్రచురించారు.

మోతాదు, పరిమితులు

ఎక్కువ కాంతి ఇస్తే ఎక్కువ మేలు అనుకోవడం పొరపాటు. జొహానెస్‌బర్గు పరిశోధకులు చదరపు సెంటీమీటరుకు 5 జౌళ్ళ వద్ద కణాలు పుంజుకోవడం, 16 జౌళ్ళ వద్ద దెబ్బతినడం గమనించారు. గాజుపాత్రలోని కణాలలో జన్యువు చురుకైనంత మాత్రాన రోగి కాలి పుండు మానినట్లు కాదు. మధుమేహ పుండ్లపై 2017 నాటి కోక్రేన్ సమీక్షకు దొరికినవి 8 ప్రయోగాలు, 316 మంది రోగులు మాత్రమే. మేలు ఉండవచ్చునని, అయితే ఆధారాల నాణ్యత తక్కువని అది తేల్చింది. కనుక పుండును శుభ్రపరచడం, చక్కెర నియంత్రణ, పాదంపై భారం తగ్గించడం వంటి చికిత్సలను మానివేసి దీపాన్ని నమ్ముకోవడం కాలికే ప్రమాదం. లేజరు వాడేటప్పుడు కళ్ళకు రక్షణ తప్పనిసరి.

బొల్లి చికిత్సతో భేదం

హైదరాబాదు ఎర్రగడ్డలోని యునానీ పరిశోధన సంస్థ బొల్లి చికిత్సకు ప్రసిద్ధి. బొల్లి మచ్చలకు బావంచాల మందు రాసి ఎండ చూపించే పద్ధతి దీనికి పూర్తిగా భిన్నమైనది. బావంచాలలోని సోరాలెన్ అతినీలలోహిత కిరణాల సమక్షంలో నేరుగా డి.ఎన్.ఎ.తో బంధమేర్పరచుకుంటుంది. ఎరుపు కాంతికి అటువంటి శక్తి లేదు.