వేలిముద్రకు కాపలా ఎవరు?

సైబర్ రక్షణ అనగానే శత్రుదేశాల గూఢచారులు, విద్యుత్ కేంద్రాలు, బ్యాంకుల ఖజానాలు మన కళ్ళముందు మెదలుతాయి. ఇది ఇంజనీర్ల వ్యవహారమనీ, వర్గాలతో దీనికి నిమిత్తం లేదనీ వాదించే మేధావులు లేకపోలేదు. ఈ వాదం చరిత్రకు నిలవదని నా అభిప్రాయం. కొల్లేటి లంకల్లో చేపల చెరువు కూలీకి గానీ, తాడేపల్లిగూడెం ఉల్లి మార్కెట్టులో బస్తాలు మోసే హమాలీకి గానీ ఈ యంత్రాలతో ఉన్న ముఖ్య సంబంధం వేలిముద్ర. కనుక దాని చరిత్రనే పరిశీలిద్దాం.

1858లో బెంగాలులో విలియం హెర్షెల్ అనే ఆంగ్ల అధికారి, ఒక కంట్రాక్టరు మాట తప్పకుండా ఉండేందుకు ఒప్పందపత్రం మీద అతని అరచేతి ముద్ర వేయించాడు. 1897లో కలకత్తాలో వేలిముద్రల కార్యాలయం వెలిసింది. ప్రజల మీద అపనమ్మకమే ఈ పద్ధతికి పునాది. పాలితుడు తానెవరో రుజువు చేసుకోవాలి. ఆ ముద్రను ఎలా భద్రపరిచాడో పాలకుడు చెప్పనక్కరలేదు. తెల్లవాడు పోయినా ఈ అసమానత పోలేదు.

1998లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 'కార్డ్' పథకంతో రిజిస్ట్రేషన్ ఆఫీసులలో కంప్యూటర్లు పెట్టింది. 2001 సవరణతో దస్తావేజుల మీద ఫోటో, వేలిముద్రలు తప్పనిసరి అయ్యాయి. ఏలూరులో రెండు సెంట్ల స్థలం కొన్నవాడూ ముద్ర వేయవలసిందే. తరువాత దస్తావేజుల నకళ్ళు ఇంటర్నెట్టుకెక్కాయి. ఆధార్ వచ్చాక అదే వేలు సిమ్ కార్డుకూ, బ్యాంకు సొమ్ముకూ తాళంచెవి అయింది. అంటే తాళంచెవి అచ్చును ప్రభుత్వమే నడివీధిలో పెట్టిందన్నమాట!

ఫలితం తెలిసిందే. 2018లో తెలంగాణలో ఒక సిమ్ కార్డుల వ్యాపారి రిజిస్ట్రేషన్ దస్తావేజుల నుంచి ముద్రలు తీసి, రబ్బరు వేళ్ళు తయారుచేసి, ఇతరుల పేర సిమ్ కార్డులు పుట్టించాడు. 2022లో సైబరాబాదు పోలీసులు పట్టుకున్న ముఠా, ఆంధ్ర దస్తావేజుల ముద్రలతో బ్యాంకు ఖాతాల సొమ్ము లాగింది. ఒక్క వైరుధ్యం గమనించండి. నీటిలో, బురదలో పనిచేసి గీతలు అరిగిన అసలు వేలిని యంత్రం తిరస్కరిస్తుంది. రబ్బరు వేలిని అంగీకరించింది! నకిలీని పసిగట్టే కొత్త తనిఖీని ఆధార్ సంస్థ ప్రకటించింది 2023లో, అంటే ఐదేళ్ళకు.

మరి చట్టాలు లేవా? ఉన్నాయి. 2004లో సెర్ట్-ఇన్ అనే కేంద్ర రక్షణ సంస్థ ఏర్పడింది. చొరబాటు జరిగితే 6 గంటలలో తనకు తెలపాలని 2022లో అది ఆజ్ఞాపించింది. తనకే గానీ, నష్టపోయిన మనిషికి తెలపాలని కాదు. 2023 నవంబరులో ఆ సంస్థనే సమాచార హక్కు చట్టం నుంచి మినహాయించారు. అదే ఏటి డేటా రక్షణ చట్టం బాధితునికి తెలపాలన్నది. నియమాలు మాత్రం 2025 నవంబరుకు గానీ రాలేదు, అమలుకు మరి 18 నెలల గడువు ఇచ్చారు. ఆ చట్టం కింద వసూలయ్యే జరిమానా ప్రభుత్వ ఖజానాకు పోతుంది. పాత చట్టంలో కంపెనీల చేత పరిహారం ఇప్పించే 43ఎ సెక్షన్‌ను అదే తొలగిస్తున్నది.

కొల్లేరులో చెరువు యజమాని తన గట్టు ఎత్తు పెంచితే వరదనీరు పక్క లంక మీద పడుతుంది. బ్యాంకు తన గట్టు, టెలిఫోన్ కంపెనీ తన గట్టు, ప్రభుత్వం తన గట్టు పెంచుకుంటున్నవి. మునిగేది ఏ గట్టూ లేనివాడు.

రహస్యం లేనిదే రక్షణ లేదంటారు. తాళం ఎలా పనిచేస్తుందో రహస్యంగానే ఉంచండి. దొంగతనం జరిగిందన్న సంగతి ఎందుకు రహస్యం? సంకేతపదం పోతే మార్చుకోవచ్చు, వేలిని మార్చుకోలేము. కనుక ముద్ర తీసుకున్నవాడే దానికి పూచీ పడాలి. పోతే ముందు కూలీకి చెప్పాలి. పోయిన కూలి తిరిగి కట్టాలి. విద్యార్థులూ, ఉపాధ్యాయులూ ఈ మూడు కోర్కెలను గ్రామాలకు తీసుకుపోవాలి.