పోలీసు రివాల్వరు: పరిణామము, నిర్మాణము

ఆయుధచరిత్రకారులు సాధారణముగా నాయుధముయొక్క వేగమును, దూరమును, సంహారశక్తిని గణించి విరమింతురు. సైనికుని యాయుధమున కీ కొలత చాలవచ్చును. పురరక్షకుని యాయుధమునకు జాలదు. రక్షకభటుడు దానిని దినమంతయు జనసమ్మర్దమున ధరించి తిరుగవలయును. కావున నక్కఱకలిగినపుడు పేలుట యెంత ముఖ్యమో, తక్కినవేళల బేలకుండుటయు నంత ముఖ్యము. పోలీసు రివాల్వరు చరిత్రమున నీ రెండవగుణము నెట్లు సాధించిరో విచారించుటయే యీ వ్యాసమున కుద్దేశము.

రివాల్వరనగా దిరుగునది. గుండ్లుంచు నఱలుగల యుక్కుదిమ్మ గొట్టము వెనుక దిరుగుచు, నొక్కొక్క యఱను గొట్టమున కెదురుగా దెచ్చును. సామ్యూల్ కోల్టు దీనికి అమెరికాలో 1836 ఫిబ్రవరి 25వ తేదిన బేటెంటు బడసెను. పాటర్సనులోని యాతని తొలి కర్మాగారము 1842లో మూతపడెను. 1847లో సేనవారు కోరిన వేయి రివాల్వర్ల మూలమున నాతడు మరల నిలదొక్కుకొనెను. 1855లో హార్ట్‌ఫర్డునందు స్థాపించిన కర్మాగారమున యంత్రములు భాగములను సాధ్యమైనంతవఱకు నొకే కొలతకు దీర్చుచుండెను. ఈ యంత్రనిర్మాణమునుగూర్చి కోల్టు 1851లోనే లండనునందలి ఇంజనీర్ల సంఘమున నుపన్యసించియుండెను. 1860 ప్రాంతమున నైదఱల రివాల్వరొకటి పోలీసు పేరనే యచ్చటినుండి వెలువడెను.

అప్పటికింకను మందును, గుండును, టోపీని వేఱువేఱుగా గూర్పవలసియుండెను. మూడును గలిసిన లోహపుదూటాను వెనుకనుండి చొప్పించుటకు దిమ్మను నిలువునదొలుచు పద్ధతిపై రోలిన్ వైటు 1855లో బేటెంటు పొందెను. స్మిత్ అండ్ వెస్సన్ సంస్థ యా హక్కును గైకొని 1857లో దమ తొలి రివాల్వరును వెలువరించెను. 1869లో నా హక్కు ముగియువఱకు అమెరికాలో దక్కిన నిర్మాతలకు బద్ధతిని స్వేచ్ఛగా వాడు నవకాశము లేకపోయెను.

కోల్టు పద్ధతిలో ముందుగా బొటనవ్రేలితో సుత్తిని వెనుకకు లాగవలయును. అట్లు లాగియుంచిన రివాల్వరు మీటను గొంచెము తాకినను బేలును. ఇంగ్లండునందు రాబర్టు ఆడమ్సు 1851లో మీటను లాగుటచేతనే సుత్తి లేచిపడు పద్ధతిని జూపెను. బర్మింగ్‌హాములోని వెబ్లీవారు మీటయొక్క యొక్క లాగుడుతో బేలునదియు, విడదీయరాని చట్రము గలదియునగు రివాల్వరును నిర్మింపగా, రాయల్ ఐరిష్ కాన్‌స్టాబ్యులరీ వారు 1868లో దానిని స్వీకరించిరి. ఇట్టి మీట దీర్ఘముగను, బరువుగను లాగబడును గావున, భటుని సంకల్పములేక సుత్తి లేచుట యరుదయ్యెను.

అయినను మఱియొక యపాయము మిగిలెను. సుత్తి నిండినయఱపై నానియుండగా నాయుధము జాఱి క్రిందబడినచో, నా దెబ్బకే తూటా పేలవచ్చును. అందుచే 1873 నాటి కోల్టు రివాల్వరును ధరించువారు పెక్కండ్రు ఆఱఱలలో నొకదానిని వట్టిదిగా నుంచుకొనుచుండిరి. థియోడోర్ రూజ్‌వెల్టు న్యూయార్కు పోలీసు కమిషనర్ల సంఘాధ్యక్షుడుగా నుండగా, 1896లో నా నగరమున గోల్టువారి న్యూపోలీసు రివాల్వరు ప్రవేశపెట్టబడెను. తరువాతి దశకమున గోల్టువారు సుత్తికిని జట్రమునకును నడుమ నొక యుక్కుకడ్డీని జేర్చిరి. మీటను బూర్తిగా లాగిననే గాని యది తొలగదు. పోలీస్ పాజిటివ్ అను రివాల్వరు పేరున నీ యేర్పాటే సూచింపబడినది.

స్మిత్ అండ్ వెస్సన్ వారి మిలిటరీ అండ్ పోలీస్ రివాల్వరు 1899లో బుట్టినది. మొత్తముమీద నిది 60 లక్షల వఱకు దయారైనట్లు లెక్క. అందును సుత్తి నడ్డగించు ముక్క యుండెను గాని యది స్ప్రింగుబలముపై నాధారపడినది. 1944లో నిండుదూటాలతోనున్న యీ జాతి రివాల్వరొకటి యుద్ధనౌక యుక్కుతలముపై బడి పేలగా నావికుడొకడు మృతినొందెను. అంతట నిర్మాతలు స్ప్రింగును నమ్మక, మీటతోపాటు నిర్బంధముగా గదలు రేకును జేర్చిరి. ఈ సన్నని రేకు కొలత తప్పినచో వ్యర్థము. కర్మాగారముల కొలతలయందలి సూక్ష్మత ప్రాణరక్షణ మగుట యిచ్చటనే స్పష్టమగును.

అమెరికా పోలీసులు 1980 తరువాత గ్రమముగా స్వయంచాలిత పిస్తోళ్లకు మఱలిరి. న్యూయార్కు పోలీసులలో నీ మార్పు 1993లో మొదలయ్యెను. రివాల్వరు వెనుకబడినను, అది నేర్పిన పాఠము నశింపలేదు. క్రిందబడినను బేలకుండు నేర్పాటు నేటి పోలీసు పిస్తోళ్లలోను గలదు. కోల్టు పేరు లోకవిదితము. ఆ నావికుని మరణమువలన గుదిరిన రేకును దలచువారరుదు. పేల్చినవేళలు కొన్నియే, పేలకుండ గాచినవేళ లసంఖ్యాకములు. వానిని లెక్కింపని యాయుధచరిత్ర మసంపూర్ణమని మా యభిప్రాయము.