దోర్నకల్ ఇచ్చిన ధైర్యం

కష్టంలో ఉన్నవాడికి ఓదార్పు మాట ఒక్కటే చాలదు, ఒక బాధ్యత కూడా అప్పగించాలి. పాత వరంగల్ జిల్లాలోని దోర్నకల్ చరిత్ర నాకు ఇదే చెబుతోంది. తిరునెల్వేలి ప్రాంతం నుంచి వచ్చిన వి.ఎస్. అజరయ్య 1912లో ఆంగ్లికన్ సంఘపు తొలి భారతీయ బిషప్‌గా ఇక్కడ నియమితులయ్యారు. ఆయన సంఘంలో చేరినవారిలో ఎక్కువమంది మాల, మాదిగ పేదలు. బాప్తిస్మం పొందినవారి చేత తలపై చేయి పెట్టించి, సువార్త ప్రకటించకపోతే తమకు శ్రమ అని ఆయన పలికించేవారు. తరతరాలుగా ఆజ్ఞలు వినడమే తప్ప మాట్లాడే హక్కు లేని మనిషికి, పదిమందికి చెప్పవలసిన పని దక్కింది. ఎంత గొప్ప ప్రసంగమైనా అంత ధైర్యం ఇవ్వగలదని నేననుకోను.

ఈ మతమార్పిడులన్నీ కూడు గుడ్డల ఆశతో జరిగినవే అనేవారు అప్పుడూ ఉన్నారు, ఇప్పుడూ ఉన్నారు. గాంధీజీ కూడా సామూహిక మతమార్పిడులను గట్టిగా విమర్శించారు. బడి, వైద్యం ఆశించి వచ్చినవారు కొందరు ఉండే ఉంటారు, ఆ అభ్యంతరాన్ని కొట్టిపారేయలేం. కానీ అజరయ్య ఆ పేదలనే కానుకలివ్వమని అడిగారు, క్రైస్తవ దానం గురించి పుస్తకమే రాశారు. మురికి, రోగం, అప్పు, తాగుడు అనే నాలుగు దయ్యాలతో రోజూ పోరాడమన్నారు. ఆశ చూపి పిలిచేవారు ఇన్ని అడగరు. అయితే ఇన్ని అడిగిన అజరయ్యే, 1939లో దోర్నకల్‌లో ప్రతిష్ఠించిన ఎపిఫనీ కథీడ్రల్‌కు గుమ్మటాలతో పాటు గుడి మండపాన్ని తలపించే స్తంభాలు పెట్టించారు. విశ్వాసి తన నేలతో బంధాన్ని వదులుకోవాలని ఆయన ఎన్నడూ కోరలేదు.