ఎవరండీ మాట్లాడేది?

ఆఫీసులో నా బల్లమీది ఫోనుకి అగ్గిపెట్టెంత అద్దం వుంది. ఎవరు ఫోను చేస్తే వాళ్ళ నంబరు అందులో కనిపిస్తుంది. ఎత్తడం, ఎత్తకపోవడం మన ఇష్టమే కదా అని మహా మురిసిపోయేదాన్ని. కిందటి వేసవిలో ఓ మధ్యాహ్నం 08671తో మొదలయ్యే నంబరు కనిపించింది. ఎవరో తెలీదు. చేతినిండా పని. వూరుకున్నాను. మూడుసార్లు మోగి మానేసింది.

తీరా సాయంత్రం తెలిసింది, అది అవనిగడ్డ నుంచి మా పిన్ని! బాబాయి పెరట్లో జారిపడితే, తన సెల్లు పనిచెయ్యక, గోడ క్యాలెండరు మీద రాసుకున్న మా ఆఫీసు నంబరు చూసుకుని పక్కింటికి పరుగెత్తిందట. దేవుడి దయవల్ల బాబాయి కోలుకున్నారు. కానీ "ఫోను మోగితే తియ్యొద్దుటే?" అన్న పిన్ని మాట ఇంకా గుచ్చుకుంటూనే వుంది.

అసలు ఫోను చేసిందెవరో ముందే తెలుసుకోవాలన్న ఆరాటం ఈనాటిది కాదు. 1876లో గ్రాహంబెల్ ఫోను కనిపెట్టాక, తొలి ఎక్స్ఛేంజీల్లో కుర్రాళ్ళని పెట్టారు. వాళ్ళ దురుసుతనం భరించలేక 1878లో బోస్టన్‌లో ఎమ్మా నట్ అనే ఆవిడని పనిలోకి తీసుకున్నారు. మొట్టమొదటి మహిళా టెలిఫోను ఆపరేటరు ఆవిడే. మన దేశంలో 1882లో కలకత్తా, బొంబాయి, మద్రాసుల్లో ఎక్స్ఛేంజీలు వెలిశాయి. ట్రంకు కాల్ బుక్ చేసి గంటల తరబడి పడిగాపులు పడ్డ రోజులు మన పెద్దవాళ్ళకి గుర్తే. అయితేనేం, "ఫలానా వూరి నుంచి ట్రంకు కాలండీ, మాట్లాడండి" అని ఓ గొంతు ముందుగా చెప్పేది.

1960లో కాన్పూరు, లక్నోల మధ్య ఎస్టీడీ మొదలై, క్రమంగా అన్ని వూళ్ళకీ పాకింది. మధ్యలో మనిషి తప్పుకున్నాడు. చేసిందెవరో చెప్పే గొంతూ పోయింది. "హలో" అనగానే టక్కున పెట్టేసే అనామకుల బెడద ఎంతమంది ఆడవాళ్ళు పడ్డారో!

1960ల చివర్లో థియోడర్ పరాస్కెవాకోస్ అనే గ్రీకు ఇంజనీరు, పిలిచేవారి నంబరు అవతలివారికి అందించే పద్ధతి మీద పని మొదలుపెట్టాడు. 1980లలో అది అమెరికాలో ఇళ్ళకొచ్చింది. హమ్మయ్య అనుకున్నారు ఆడవాళ్ళు. కానీ కొట్టే మొగుణ్ణి తప్పించుకుని ఎక్కడో తలదాచుకున్న ఇల్లాలు, పిల్లల గొంతు వినాలని ఇంటికి ఫోను చేస్తే? ఆ అద్దం ఆవిడ ఆచూకీ చెప్పెయ్యదూ? ఈ గొడవ మీద అక్కడ పెద్ద వాదోపవాదాలే జరిగి, నంబరు దాచుకునే వీలు కూడా కల్పించారు.

పిన్ని మాట పడ్డాక నేనూ ఆ అద్దం చదవడం నేర్చుకున్నాను. అంకెల్ని పంపేది అవతలి ఫోను కాదు, వాళ్ళ ఎక్స్ఛేంజి. రెండు మూడంకెలే పడితే సాధారణంగా మన ఆఫీసులోని వాళ్ళే. ల్యాండ్‌లైన్ నుంచైతే ముందు వూరి కోడు వుంటుంది: 0866 మన విజయవాడ, 08672 బందరు, 08674 గుడివాడ, 08671 దివిసీమ. "ప్రైవేట్" అని పడితే నంబరు దాచుకున్నారని అర్థం. "అవుటాఫ్ ఏరియా" అంటే నంబరు ఇక్కడిదాకా అందలేదని. పెద్ద కంపెనీల్లో ఏ బల్ల నుంచి చేసినా ఒకే నంబరు కనిపించవచ్చు. పైగా ఈ రోజుల్లో మోసగాళ్ళు దొంగ నంబరు చూపించగలుగుతున్నారు. బ్యాంకు నంబరే కనిపించినా సరే, ఓటీపీ మాత్రం చెప్పకండి!

అంటే అద్దం చెప్పేది తీగ చిరునామాయే గాని మనిషి పేరు కాదు. పక్కింటి తీగ మీద మా పిన్ని గొంతు వుంటుందని దానికేం తెలుసు?

1977 నవంబరు 19న వుప్పెన ముంచెత్తినప్పుడు తీగలు తెగి దివిసీమ మూగబోయింది. నేనప్పటికి పుట్టలేదు. కొత్తగా విజయవాడ కాపురానికొచ్చిన అమ్మ, పుట్టింటివాళ్ళు బతికున్నారన్న ఒక్క కబురు కోసం రోజుల తరబడి గుమ్మంలోనే కూచుందట. ఆ సీమ నుంచే గంట మోగితే, అమ్మ కూతుర్ని, అంకెలు చూస్తూ కూచున్నాను!

ఇప్పుడు ఫోను పక్కన ఓ చీటీ అంటించాను. దానిమీద 08671 అని రాసి వుంది. అయినా ఏ నంబరు మోగినా ఎత్తి, "ఎవరండీ మాట్లాడేది?" అనే అడుగుతున్నాను.