దత్తమండలాల నుండి దత్తాంశాల దాకా: కమలాపురం ప్రాంత కైఫియత్తులు – సరిహద్దులు దాటే సమాచారం

వ్యాససంగ్రహం:
దేశాల మధ్య డేటా ప్రవాహంపై నేడు సాగుతున్న చర్చ ప్రధానంగా రెండు వాదాల నడుమ నలుగుతోంది. డేటా స్వేచ్ఛగా ప్రవహించాలన్నది ఒకటి, దేశంలోనే నిలవాలన్నది మరొకటి. పంతొమ్మిదవ శతాబ్ది ఆరంభంలో కడప జిల్లా కమలాపురం ప్రాంతపు గ్రామసమాచారం మద్రాసు, కలకత్తా, లండన్ నగరాలకు చేరిన తీరును ఈ వ్యాసం పరిశీలిస్తుంది. సమాచారం ఎక్కడ నిలిచిందన్న ప్రశ్నతో పాటు, దాన్ని ఇచ్చినవారికి తిరిగి చేరిందా అన్న ప్రశ్న కూడా విధాన నిర్ణయానికి కీలకమని ప్రతిపాదిస్తుంది.

కీలక పదాలు: కైఫియత్తు, కవిలె, దత్తమండలాలు, మెకంజీ, బ్రౌన్, డేటా స్థానికీకరణ, డిజిటల్ వాణిజ్యం.

1. ఉపోద్ఘాతం:
1800లో నిజాం ఈస్టిండియా కంపెనీకి అప్పగించిన సీమకు దత్తమండలాలనే పేరు వచ్చింది. 1928 నంద్యాల సభలో చిలుకూరి నారాయణరావు సూచించిన రాయలసీమ అన్న పేరు తర్వాత స్థిరపడింది. డేటాకు తెలుగులో వాడుకైన 'దత్తాంశం' అన్న మాటలోనూ ఆ 'దత్త' శబ్దమే ఉంది. డేటా అన్న లాటిన్ మాటకు కూడా 'ఇచ్చినవి' అనే అర్థం. ఇచ్చినవారెవరు, పుచ్చుకున్నవారెవరు, ఇచ్చినవారికి ఏం మిగిలింది అన్నవి రెండు కాలాలకూ వర్తించే ప్రశ్నలు.

2. శాసనం, కవిలె, కైఫియత్తు:
పాపఘ్ని పెన్నలో కలిసే చోటికి చేరువలో ఉన్న కమలాపురానికి రాతపూర్వక చరిత్ర పాతది. తొలి తెలుగు శాసనాలుగా ప్రసిద్ధమైన రేనాటి చోళుల కలమళ్ల, ఎర్రగుడిపాడు శాసనాలు ఈ పరిసరాలవే. శాసనం నిలిపిన చోటే నిలుస్తుంది. అది ఊరివారందరి ఎదుటా ఉండే సమాచారం. కవిలె అలాంటిది కాదు. పొలాల లెక్కలు, ఇనాములు, హద్దులు, ప్రభుత్వాల మార్పులు నమోదైన ఈ లెక్కల పుస్తకం కరణం అధీనంలో, వంశపారంపర్యంగా ఉండేది. ఊరి సమాచారమే అయినా ఊరివారందరికీ అందుబాటులో ఉండేది కాదు. కాబట్టి విదేశీయులు రాకముందు గ్రామసమాచారం అందరి సొత్తుగా ఉండేదనడం చారిత్రకంగా నిలవదు.

కైఫియత్తు మూడో దశ. కవిలెలను, శాసనాలను, పెద్దల నోటిమాటను ఆధారం చేసుకొని పై అధికారి కోసం రాయించిన గ్రామవృత్తాంతం ఇది. ఊరి పుట్టుక, విజయనగర పాలన, మట్లి రాజులు, కడప నవాబులు, హైదర్, టిప్పుల ఏలుబడి, గుళ్లు, చెరువులు, అగ్రహారాలు ఇందులో వరుసగా కనిపిస్తాయి. మొదటినుంచీ ప్రయాణం కోసమే పుట్టిన పత్రం ఇది.

3. కొలత ఒకచోట, నిర్ణయం మరోచోట:
దత్తమండలాలకు ప్రిన్సిపల్ కలెక్టరుగా 1800 నుండి 1807 వరకు పనిచేసిన థామస్ మన్రో 1802లో పొలాల సర్వే ప్రారంభించారు. పొలాలు కొలిచి, నేలను తరగతులుగా విభజించి, శిస్తు కట్టారు. ఆ శిస్తు రైతు మోయలేనంతగా ఉందని, 25 శాతం తగ్గించాలని 1807 ఆగస్టు నివేదికలో ఆయనే సిఫారసు చేశారు. మద్రాసు ప్రభుత్వం దాన్ని అంగీకరించకుండా గ్రామాలను కౌలుకిచ్చే పద్ధతి తెచ్చింది. 1820లో మన్రో మద్రాసు గవర్నరు అయిన తర్వాతే రైతువారీ, తగ్గింపుతో సహా, తిరిగి వచ్చింది. సమాచారం పొలం నుండి వేగంగానే పైకి వెళ్లింది. ఆ సమాచారం కోరిన ఉపశమనం మాత్రం పొలానికి చేరడానికి ఒక దశాబ్దం దాటింది.

4. కడప నుండి కలకత్తాకు, లండన్‌కు:
కాలిన్ మెకంజీ మైసూరు సర్వే తర్వాత దత్తమండలాల సర్వేను చేపట్టారు. 1815లో భారత సర్వేయర్ జనరల్ అయ్యారు. ఆయన సంగ్రహానికి ఆయువుపట్టు కావలి సోదరులు. 1803లో బొర్రయ్య మరణించాక ఆయన తమ్ముడు లక్ష్మయ్య ఆ బాధ్యత స్వీకరించి, ఊరూరికీ పండితులను పంపి వ్రాతలు సేకరింపజేశారు. కమలాపురం ప్రాంతపు కైఫియత్తులు ఈ కృషిలోవే.

1821లో మెకంజీ మరణించారు. ఆయన సంగ్రహాన్ని కంపెనీ ప్రభుత్వం ఆయన భార్య నుండి లక్ష రూపాయలకు కొన్నది. హెచ్.హెచ్. విల్సన్ దానికి రూపొందించిన వివరణాత్మక సూచి 1828లో వెలువడింది. సంగ్రహంలో కొంత భాగం లండన్ చేరగా, దక్షిణాది భాషల స్థానిక వ్రాతలు మద్రాసుకు వచ్చాయి. ఇక్కడ గమనించదగిన విషయం ధర. గ్రామ వృత్తాంతాలకు విలువ ఏర్పడింది, అది చేతులు మారింది. ఆ లావాదేవీలో గ్రామాలు పక్షం కాలేదు.

అంతకన్నా ముఖ్యమైనది విశ్లేషణాధికారం. మెకంజీ పనిని కొనసాగిస్తానని లక్ష్మయ్య 1830లలో ముందుకు వచ్చారు. సమర్థతను సందేహించి ఆ బాధ్యతను ఆయనకు ఇవ్వలేదు. మద్రాసులోని వ్రాతల పరిశీలన విలియం టేలర్ చేతికి వెళ్లింది. సేకరణకు పనికివచ్చిన దేశీయ పండితుడు వ్యాఖ్యానానికి తగడన్న నిర్ణయమిది. ముడి సమాచారం ఒకచోట, దాని నుండి జ్ఞానాన్ని తయారుచేసే హక్కు మరోచోట అన్న విభజన ఇక్కడ స్పష్టమవుతుంది.

5. తిరిగివచ్చిన ప్రతి:
1820లో కడపకు వచ్చిన చార్లెస్ ఫిలిప్ బ్రౌన్ చరిత్రలో ఇందుకు భిన్నమైన ధోరణి ఉంది. 1830లలో సెలవుపై ఇంగ్లండులో ఉన్నప్పుడు, లండన్‌లోని ఇండియా హౌస్ గ్రంథాలయంలో పడివున్న దక్షిణాది భాషల వ్రాతప్రతులను ఆయన గుర్తించి మద్రాసుకు పంపే ఏర్పాటు చేయించారు. సిరా వెలిసిపోతున్న మెకంజీ కైఫియత్తులకు నకళ్లు రాయించారు. 'లోకల్ రికార్డులు'గా పరిశోధకులు ఉపయోగించేవి ఆ సంపుటాలే.

అయితే మద్రాసుకు రావడం కమలాపురానికి రావడం కాదు. దేశం సరిహద్దు లోపలే ఉన్నా, అవి ప్రాచ్య లిఖిత పుస్తక భాండాగారంలో కొద్దిమంది పండితులకే పరిమితమయ్యాయి. జానమద్ది హనుమచ్ఛాస్త్రి కృషితో కడపలో బ్రౌన్ నివసించిన చోట వెలసిన సి.పి. బ్రౌన్ భాషా పరిశోధన కేంద్రం, కట్టా నరసింహులు సంపాదకత్వంలో కడప జిల్లా కైఫియత్తులను ముద్రించాకే ఆ సమాచారం పుట్టినచోటి పాఠకుడికి అందింది.

6. నేటి విధానాలు:
ఎలక్ట్రానిక్ ప్రసారాలపై సుంకాలు విధించరాదని ప్రపంచ వాణిజ్య సంస్థ 1998లో చేసిన నిర్ణయంతో డిజిటల్ వాణిజ్య విధానానికి పునాది పడింది. 2019 జూన్‌లో ఒసాకా జి-20 సదస్సులో జపాన్ ప్రతిపాదించిన 'విశ్వాసంతో కూడిన స్వేచ్ఛా డేటా ప్రవాహం' ప్రకటనపై భారత్ సంతకం చేయలేదు. దేశీయంగా, చెల్లింపుల డేటాను భారత్‌లోనే నిల్వ చేయాలని రిజర్వు బ్యాంకు 2018 ఏప్రిల్‌లో ఆదేశించింది. అదే ఏడాది శ్రీకృష్ణ కమిటీ ముసాయిదా, వ్యక్తిగత డేటాకు కనీసం ఒక ప్రతి దేశంలో ఉండాలన్నది. 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం ఆ షరతును విడిచి, కేంద్రం నిషేధించిన దేశాలకు తప్ప బదిలీకి వీలు కల్పించింది. సర్వేకు నేరుగా సంబంధించినది 2021 ఫిబ్రవరి నాటి భూస్థానిక సమాచార మార్గదర్శకాలు. నిర్ణీత పరిమితికన్నా సూక్ష్మమైన పటాల డేటాను భారతీయ సంస్థలే తయారుచేయాలని, దాని నిల్వ, విశ్లేషణ దేశంలోనే జరగాలని అవి నిర్దేశించాయి. మెకంజీ కాలపు విభజనకు రెండు శతాబ్దాల తర్వాత వచ్చిన సమాధానంగా దీన్ని చదవవచ్చు.

కానీ అది సగం సమాధానమే. 2020 డిసెంబరులో ఆంధ్రప్రదేశ్‌లో డ్రోన్లతో మొదలైన భూముల రీసర్వే వంటి కార్యక్రమాల్లో డేటా దేశం దాటకపోవచ్చు. గ్రామం దాటుతుంది. 2023 చట్టం వ్యక్తికి తన డేటా సారాంశాన్ని కోరే హక్కు ఇచ్చింది, సమూహానికి ఇవ్వలేదు. వ్యక్తిగతం కాని డేటాపై సమూహాలకు హక్కు ఉండాలన్న క్రిస్ గోపాలకృష్ణన్ కమిటీ 2020 నాటి సిఫారసు చట్టరూపం దాల్చలేదు.

7. ఉపసంహారం:
స్వేచ్ఛాప్రవాహ వాదం ప్రకారం కైఫియత్తులు లండన్ వెళ్లడంలో దోషం లేదు. స్థానికీకరణ వాదం ప్రకారం అవి మద్రాసు చేరడంతో సమస్య తీరింది. కమలాపురం అనుభవం ఈ రెండింటినీ ప్రశ్నిస్తుంది. సమాచారం కదిలినందువల్లే నశించకుండా మిగిలింది. సంగ్రహానికి చేరని కవిలెలు అనేకం కాలగర్భంలో కలిశాయి. అయినా మిగిలిన సమాచారం దాన్ని ఇచ్చినవారికి చాలాకాలం అందలేదు. అందువల్ల డేటా బదిలీ ఒప్పందాలలో నిల్వస్థానంతో పాటు మూడు అంశాలకు చోటుండాలి: మూలస్థానానికి చదవదగిన ప్రతి అందడం, అక్కడివారికి విశ్లేషణలో భాగస్వామ్యం, ఆ సమాచారంపై తీసుకున్న నిర్ణయాన్ని ప్రశ్నించే వీలు. బ్రౌన్ ఎత్తిరాయించిన ప్రతి, లక్ష్మయ్యకు దక్కని బాధ్యత, మద్రాసు తోసిపుచ్చిన మన్రో సిఫారసు ఈ మూడింటికీ చరిత్ర అందించే సాక్ష్యాలు.