పాఠం ముందే వచ్చేసిన పిల్లలు

ప్రతి తరగతిలోనూ ఇద్దరో ముగ్గురో ఉంటారు. టీచరు బోర్డు మీద లెక్క పూర్తిగా రాసేలోపే జవాబు చెప్పేస్తారు. తెలుగు వాచకం ఇచ్చిన వారంలోనే చివరి పాఠం దాకా చదివేస్తారు. మరి మిగతా ఏడాదంతా వాళ్లేం చేయాలి? మన బడులు ఈ ప్రశ్నకు రెండు వందల ఏళ్లుగా రకరకాల జవాబులు చెబుతూ వచ్చాయి.

1823లో బళ్లారి కలెక్టరు ఎ.డి. క్యాంప్‌బెల్ తన జిల్లా బడుల మీద ప్రభుత్వానికి ఒక నివేదిక పంపాడు. నేటి అనంతపురం ప్రాంతం కూడా అప్పుడు ఆ జిల్లాలోనే ఉండేది. క్యాంప్‌బెల్‌కు తెలుగు బాగా వచ్చు. 1816లోనే తెలుగు వ్యాకరణం అచ్చువేయించినవాడు. ఆయన లెక్క ప్రకారం జిల్లాలో 533 బడులు, 6,641 మంది పిల్లలు. అంటే బడికి సగటున పన్నెండు మంది.

ఆ బడి ఉదయం ఆరింటికే మొదలయ్యేది. అందరికంటే ముందు వచ్చిన పిల్లవాడి అరచేతిలో సరస్వతి పేరు రాసేవారు. రెండోవాడి చేతిలో సున్న. మూడోవాడి నుంచి దెబ్బలు మొదలు. ఇసుకలో వేలితో అక్షరాలు దిద్దించేవారు. బడిలో సాధారణంగా నాలుగు తరగతులు ఉండేవి. పిల్లవాడు ఒక తరగతి నుంచి పై తరగతికి వెళ్లడం వయసును బట్టి కాదు, శక్తిని బట్టి, నేర్చిన దాన్ని బట్టి. కింది తరగతుల వాళ్లను కొంతవరకు పెద్ద పిల్లలే చూసుకునేవారు. ముందున్నవాడు వెనకున్నవాడికి చెప్పే ఈ ఏర్పాటును క్యాంప్‌బెల్ మెచ్చుకున్నాడు. అదే నివేదికలో, అర్థం తెలియకుండానే పద్యాలు వల్లె వేయిస్తున్నారని తప్పుపట్టాడు కూడా.

అంతకు మూడు దశాబ్దాల ముందే మద్రాసు ఎగ్మూరులోని అనాథ బాలుర బడిలో ఆండ్రూ బెల్ ఇలాంటి ప్రయోగమే చేశాడు. వీధిబడి పిల్లలు ఇసుకలో రాయడం చూసి తన బడిలోనూ ఆ పద్ధతి పెట్టాడు. జాన్ ఫ్రిస్కెన్ అనే ఎనిమిదేళ్ల పిల్లవాడికి చిన్నపిల్లలకు అక్షరాలు నేర్పే పని అప్పగించాడు. 1797లో ఆ అనుభవాన్ని లండన్‌లో పుస్తకంగా వేశాడు. అది ‘మద్రాసు పద్ధతి’ పేరుతో ఇంగ్లండు అంతటా పాకింది. దాన్ని అక్కడ అంతగా ఆదరించడానికి ఒక కారణం ఖర్చు. ఒక్క ఉపాధ్యాయుడితో వందల మంది పిల్లల బడి నడపవచ్చు. ఖర్చు తగ్గింది సరే, తెలివైన పిల్లవాడు తన చదువు పక్కనపెట్టి జీతం లేని పంతులుగా మిగిలిపోయే ప్రమాదం ఆ పద్ధతిలోనే ఉంది.

లెక్కల సంగతి చూద్దాం. మన తాతల తరం ఇరవయ్యో ఎక్కంతో ఆగలేదు. పావు, అర, ముప్పావు, వీసం ఎక్కాలు కూడా నోటికి చెప్పేవారు. వీసమంటే పదహారో వంతు. రూపాయికి పదహారు అణాలున్న రోజుల్లో అది అంగట్లో అక్కరకొచ్చే లెక్క. 1957 ఏప్రిల్ 1న నయాపైసలు వచ్చాక ఆ ఎక్కాల అవసరం తీరిపోయింది. వాటితోపాటు నోటిలెక్క అలవాటు కూడా చాలావరకు పోయింది.

తర్వాత వచ్చిన బడిలో వయసుకో తరగతి, తరగతికో పుస్తకం, అందరికీ ఒకటే పరీక్ష. లక్షల మందిని బడికి తేవడానికి ఆ కట్టుబాటు పనికొచ్చింది. అయితే ముందున్నవాడు ఎదురుచూస్తూ కూర్చున్నాడు, వెనకున్నవాడు అక్కడే ఉండిపోయాడు.

దీనికి మన నేల మీదే ఒక మంచి జవాబు దొరికింది. మదనపల్లె దగ్గరి రిషి వ్యాలీలో వై.ఎ. పద్మనాభరావు, రమ దంపతులు చుట్టుపక్కల పల్లెల ఏకోపాధ్యాయ బడుల కోసం చదువును, లెక్కలను చిన్నచిన్న కార్డులుగా విడగొట్టి ఒక నిచ్చెనలా పేర్చారు. పిల్ల ఒక మెట్టు ఎక్కాక తనంతట తానే తర్వాతి కార్డు తీసుకుంటుంది. కొన్ని పనులు టీచరు దగ్గర, కొన్ని తోటివారితో, కొన్ని ఒంటరిగా. ముందున్న పిల్ల ఆగదు, పక్కపిల్లకు సాయం చేయడమూ మానదు. చెన్నై కార్పొరేషన్ బడులు ఈ పద్ధతిని చూసి నేర్చుకున్నాయి.

మరి మన వైపు? దిల్‌సుఖ్‌నగర్, ఎల్బీనగర్ అంటే రాష్ట్రమంతటికీ కోచింగ్ సెంటర్లు, హాస్టళ్లు గుర్తొస్తాయి. 2007లో గడ్డిఅన్నారం, ఎల్బీనగర్ మున్సిపాలిటీలు గ్రేటర్ హైదరాబాద్‌లో కలిశాయి. 2018లో మెట్రో వచ్చింది. ఉద్యోగ పరీక్షల కోసం పుట్టిన వారాంతపు టెస్టు మెల్లగా మెట్లు దిగి ప్రైమరీ తరగతుల్లోకి వచ్చింది. ఫౌండేషన్, ఒలింపియాడ్, అబాకస్ అన్న బోర్డులు చూస్తూనే ఉన్నాం. కొన్నిచోట్ల ఎనిమిదేళ్ల పిల్లలకూ మార్కులను బట్టి సెక్షన్లు మారుతున్నాయి. దీనివల్ల ముందున్న పిల్లకు దొరుకుతున్నది ఎక్కువగా పైతరగతి పుస్తకమే. ఎవరికైనా నేర్పే అవకాశం మాత్రం పోయింది. పక్కపిల్లకు చూసి నేర్చుకునే తోడు పోయింది.

2022 ఆగస్టు 15న రాష్ట్ర ప్రభుత్వం ఒకటి నుంచి ఐదో తరగతి వరకు ‘తొలిమెట్టు’ మొదలుపెట్టింది. ధారాళంగా చదవడం, చతుర్విధ ప్రక్రియలు చేయడం అందరికీ రావాలన్నది దాని లక్ష్యం. పునాదికి అది తప్పనిసరి. పునాది పడిన పిల్లల మాటేమిటన్న ప్రశ్న మాత్రం అలాగే ఉంది.

దానికి వేరే సెక్షన్ అక్కర్లేదు. వారానికొక గంట, అందరూ దిగగలిగిన, అడుగు మాత్రం లోతుగా ఉన్న ఒక ప్రశ్న చాలు. 24 పెన్సిళ్లను ఎన్ని రకాలుగా సమాన కట్టలు కట్టవచ్చు? ఒకటో ఎక్కం నుంచి వచ్చే పిల్ల కూడా మొదలుపెట్టగలదు. ఎనిమిది రకాలని తేల్చినవారు ఆగక్కర్లేదు. నూరులోపు ఎక్కువ రకాలుగా కట్టలు కట్టగలిగిన సంఖ్య ఏది? వెతికితే 60, 72, 84, 90, 96 అని ఐదు దొరుకుతాయి, ఒక్కోదానికి పన్నెండు రకాలు. ఎందుకని అడిగితే పెద్దవాళ్లమూ ఆలోచనలో పడతాం. చదువులోనూ అంతే. ఒకే కథను ఒకరు కూడబలుక్కుని చదువుతారు, ఇంకొకరు అందులో లేని ప్రశ్న వేస్తారు.

స్వర్ణోత్సవాల వేళ పూర్వ విద్యార్థులు బడికి గదులు, బెంచీలు ఇవ్వడం ఆనవాయితీ. అవీ కావాలి. వాటితోపాటు ప్రతి ప్రైమరీ తరగతికి ఒక అలమరా కథల పుస్తకాలు, వారానికొక గంట కూర్చునే ఒక పూర్వ విద్యార్థి కూడా దొరికితే, ముందున్న పిల్ల బడి దాటి బోర్డులు వెతుక్కోవాల్సిన పని ఉండదు. టీచర్లు ఏ రోజు, ఏ పీరియడ్ అన్నది చెబితే, రావడం మన వంతు.