నాన్న ఆర్‌ఎక్స్ 100కి కొత్త సైలెన్సర్ కొనే ముందు ఈ కథ తెలుసుకుందాం

శుక్రవారం కదా, ఈసారి కూడా పెద్ద పోస్టే. చాయ్ పెట్టుకొని కూసోని చదవండి.

మా రూంలో ఆరుగురం ఉంటం. ముగ్గురి ఇండ్లల్ల యమహా ఆర్‌ఎక్స్ 100 ఉంది. ఒకటి నాన్నది, ఒకటి మేనమామ ఇచ్చింది, ఒకటి ఇక్కడి పైసలతో సెకండ్ హ్యాండ్‌ల కొన్నది. సెలవు దగ్గర పడ్డదంటే రూంలో ఒకటే ముచ్చట: ఈసారి బండికి ఏ సైలెన్సర్ ఏయిద్దాం?

పోయిన ఏడు మాలో ఒకడు ఊరికి పోయినప్పుడు టౌన్ల ఒక దుకాణంలో తళతళ మెరిసే పైపు కొని నాన్న బండికి పెట్టించిండు. సప్పుడు ఊరంత వినవడ్డది గాని బండి గుంజుడు తగ్గింది. ఇరవై రోజులకు పిస్టన్ పట్టేసింది. బోరు చేయించి కొత్త పిస్టన్ ఏయించేసరికి రెండు నెలల ఓవర్‌టైం పైసలు ఒడిసినయి. పైపు మారిస్తే ఇంజన్ ఎందుకు పోతది? ఈ ప్రశ్న పట్టుకొని అందరం చదువుడు మొదలుపెట్టినం. అది మమ్మల్ని జర్మనీ దాకా తీసుకపోయింది.

ముందు మన బండి సంగతి. ఎస్కార్ట్స్ కంపెనీ, జపాన్ యమహా కలిసి 1985లో ఆర్‌ఎక్స్ 100ను తెచ్చాయి. 98 సీసీ, టూ స్ట్రోక్, 11 హార్స్ పవర్. అంత చిన్న ఇంజనుకు ఆ రోజుల్లో అది చాలా ఎక్కువ. 1996లో తయారీ ఆగిపోయింది. అయినా పేరు ఆగలేదు. 2018లో అదే పేరుతో తెలుగు సినిమా కూడా వచ్చింది.

ఆ 11 హార్స్ పవర్‌లో సైలెన్సర్‌కు కూడా వాటా ఉంది. ఫోర్ స్ట్రోక్ ఇంజనుల పొగ బయటికి పోయే దారికి వాల్వు ఉంటది. మన బండికి అది లేదు. సిలిండర్ గోడకు ఒక రంధ్రం ఉంటది, అంతే. పిస్టన్ కిందికి దిగితే తెరుచుకుంటది, పైకొస్తే మూసుకుంటది. అది తెరిచి ఉన్న కొద్ది సేపట్లోనే కాలిన పొగ బయటికి పోవాలె, కొత్త పెట్రోలు గాలి లోపలికి రావాలె. వచ్చిన కొత్త పెట్రోలు కొంత కాలకముందే పొగతో పాటు బయటపడిపోతది. టూ స్ట్రోక్‌కు ఇది పుట్టుకతో వచ్చిన రోగం.

ఈ రోగానికి మందు 1950లలో తూర్పు జర్మనీలో దొరికింది. అక్కడి ఎంజెడ్ మోటార్ సైకిల్ ఫ్యాక్టరీలో వాల్టర్ కాడెన్ అనే ఇంజనీరు ఉండేవాడు. యుద్ధకాలంలో పీనెముండే ఆయుధ కేంద్రంలో పనిచేసినవాడు. ఫ్యాక్టరీ దగ్గర పెద్దగా పైసలు లేవు. ఉన్న ఇంజనుతోనే ఎక్కువ శక్తి రాబట్టాలి. పొగ గొట్టంలో వచ్చే అలల సంగతి అంతకుముందే కొందరికి తెలుసు. కాడెన్ ఆ అలలను ఆసిలోస్కోపుతో చూసి, కొలిచి, పైపు ఆకారం మార్చుకుంటూ పోయాడు.

బావిలకు తొంగి కేకేస్తే మన గొంతు మనకే తిరిగొస్తది కదా, ఇదీ అట్లనే. పొగ ఒక్కసారి బయటికి దూకినప్పుడు ఒక అల పుట్టి పైపులో ఉరుకుతది. పైపు వెడల్పయ్యే చోట అది గుంజే అలగా మారి వెనక్కి వస్తది, సిలిండర్‌లో మిగిలిన పొగను బయటికి లాగుతది. మళ్లీ సన్నబడే చోట తోసే అలగా వెనక్కి వస్తది, తప్పించుకున్న కొత్త పెట్రోలును రంధ్రం మూసుకునే లోపే సిలిండర్‌లోకి నూకుతది. అంటే ఏ కొలత పైపు అయితే ఆ వేగం దగ్గర బలం. 1961 నాటికి కాడెన్ 125 సీసీ రేసు ఇంజన్ 25 హార్స్ పవర్ ఇచ్చింది. లీటరుకు లెక్కేస్తే 200.

ఆ బండిని నడిపిన రేసర్ ఎర్నెస్ట్ డెగ్నర్. 1961 ఆగస్టులో బెర్లిన్ గోడ లేచింది. సెప్టెంబరులో స్వీడన్ రేసుకు పోయిన డెగ్నర్ మళ్లీ తిరిగి రాలేదు. భార్యాపిల్లలను కారులో దాచి సరిహద్దు దాటించారు. ఆయన జపాన్ సుజుకీలో చేరాడు, పైపు విద్య కూడా ఆయన వెంట పోయింది. 1962లో సుజుకీ 50 సీసీ బండిపై డెగ్నర్ ప్రపంచ ఛాంపియన్ అయ్యాడు. 1964లో యమహా టూ స్ట్రోక్ మీద ఫిల్ రీడ్ 250 సీసీ టైటిల్ గెలిచాడు. టూ స్ట్రోక్ పైపు జపాన్‌లో వేళ్లూనింది. ఆ యమహా నుంచే ఇరవై ఏళ్ల తర్వాత మన ఊరికి ఆర్‌ఎక్స్ 100 వచ్చింది.

కాడెన్ మాత్రం అదే ఫ్యాక్టరీలో ఉండిపోయాడు. 1996లో చనిపోయాడు, మన బండి ఆగిపోయిన సంవత్సరమే. చేసినోని పేరు వెనకపడుడు అంటే ఏందో ఇక్కడ టవర్లు కట్టే మనకు ఒకరు చెప్పాల్నా?

ఇక పైపు కొనే సంగతి. మన బండి సైలెన్సర్ బయటికి సాదా గొట్టం లెక్కనే కనవడ్తది గాని లోపల ఆ వెడల్పు, ఆ సన్నం కొలతతో ఉంటయి. అందుకే ముందు పాతదాన్ని పారేయొద్దు. ఆయిల్ కాలి లోపల మసి గడ్డకట్టినా గుంజుడు తగ్గుతది. శుభ్రం చేయించి చూడండి. సగం మందికి కొత్తది కొనే అవసరమే రాకపోవచ్చు.

పాతది తుప్పుతో పొక్కిలైతే అదే కొలత పైపు ఎతకండి. చూడనీకి ఒక్కతీరుగా ఉన్నా లోపల కొలత లేని డూప్లికేట్లు ఉంటయి. రేసు చాంబర్ పెట్టిస్తే పై వేగంల బలం వస్తది గాని, ఇద్దరిని ఎక్కించుకొని ఊరి రోడ్డుల పోయేటప్పుడు కింద గుంజుడు పోతది. పైపు మారిస్తే కార్బురేటర్ జెట్ కూడా సరిచూపించాలె. పెట్రోలు తక్కువ, గాలి ఎక్కువ అయితే వేడెక్కి పిస్టన్ పట్టేస్తది. మావోనికి అయింది ఇదే. లోపలి పైపు గుంజేస్తే వచ్చేది సప్పుడే, బలం కాదు. చట్టం కూడా ఉంది. 2019 సవరణ తర్వాత శబ్దం హద్దు దాటితే మొదటిసారే 10,000 రూపాయల దాకా జరిమానా పడొచ్చు, జైలు కూడా పడొచ్చు. నెల జీతంల సగం పోలీసుల చేతిల పెట్టుడెందుకు?

ఆఖరుకు ఒక్క మాట. కొత్త పైపుతో మావోడు మొదటిసారి వాకిట్లకు వచ్చిననాడు వాళ్లమ్మ బయటికి రాలేదట. ఎవరో పోరగాళ్లు పోతున్నరనుకున్నదట. నాన్న ఉన్నప్పటి నుంచి ఆ బండి సప్పుడు మూల మలుపు కాడ వినవడితే తలుపు తీసే మనిషి ఆమె. ఇంజన్ బాగైనంక పశువుల కొట్టంల పడేసిన పాత సైలెన్సర్ తీసి, కడిగించి, మళ్లీ అదే పెట్టించిండు.

ఇప్పుడు తమ్ముడు వారానికోసారి బండి స్టార్ట్ చేసి వీడియో కాల్‌ల వినిపిస్తడు. ఆరుగురం ఫోన్ చుట్టూ కూసోని వింటం. మీ ఇంట్ల ఏ బండి ఉందో, ఏ పైపు ఉందో మీరు గూడ చెప్పుండ్రి.